మస్కట్ దాకా పోయిన గోలీలు

గంగజల ఆశా కార్యకర్తగా చేరి పద్దెనిమిదేళ్లు దాటింది. ఆమె పుట్టిల్లు కోరుట్ల. అక్కడ తల్లితో కలిసి బీడీలు చుడుతూనే పదో తరగతి పాసైంది. పెళ్లయి సారంగాపూర్ మండలంలోని ఒక ఊరికి కోడలిగా వచ్చాక కూడా ఆ పనే చేసింది. భర్త మొండయ్య కల్లు గీస్తాడు. ఊరికి ఒక ఆశాను ఎన్నుకోవాలని పంచాయతీ ఆఫీసు దగ్గరికి జనాన్ని పిలిచిన రోజు, చుట్టిన బీడీలు అప్పగించి ఆమె ఆ దారినే ఇంటికి పోతోంది. పది పాసైన కోడళ్లు ఎవరని ఆరోగ్య కేంద్రం నర్సు అడిగితే ముగ్గురు తేలారు. ఒకామె భర్త ఒప్పుకోలేదు. ఇంకొకామె నిండు చూలాలు. మిగిలింది గంగజల. చేతిలో ఉన్న చాట గోడకు ఆనించి సంతకం పెట్టింది.

ఇప్పుడామెకు నలభై ఐదేళ్లు. ఊళ్లో ఎవరికి బీపీ ఉందో, ఎవరికి షుగర్ ఉందో, ఏ పాపకు ఏ టీకా వేయించాలో రిజిస్టర్ తెరవకుండానే చెప్పగలదు. మగవాళ్ల సంగతే ఆమెకు అంతగా తెలియదు. సగం ఇళ్లలో మగవాళ్లు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. రెండేళ్లకోసారి వచ్చి రెండు నెలలు ఉండి పోతారు. సర్వేలో వాళ్ల పేర్లు రాసుకుంటుందే తప్ప, చాలామందిని గోడ మీది పెళ్లిఫొటోల్లోనే చూసింది.

బాలవ్వ కొడుకు మధుకర్ కూడా అలాంటివాడే. మస్కట్‌లో ఒక కంపెనీ కింద భవనాల పనిలో ఉన్నాడు. రెండేళ్ల కిందట మే నెలలో సెలవు మీద వచ్చాడు. అతను వచ్చి పది రోజులయ్యాక, బాలవ్వకు బీపీ చూడడానికి గంగజల ఆ ఇంటికి వెళ్లింది. మిషన్ పట్టీ చేతికి చుడుతుంటే లోపలి గది నుంచి దగ్గు వినబడింది. ఆగి ఆగి వచ్చే దగ్గు కాదు. వస్తే వదలని దగ్గు.

"ఎవరవ్వా?" అని అడిగింది.

"మావోడే. అచ్చినకాడి నుంచి గట్లనే దగ్గుతాండు," అంది బాలవ్వ. "తిండి గూడ సయిస్తలేదు."

మధుకర్ బయటికి వచ్చాడు. ముప్పై నాలుగేళ్ల మనిషి. చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది. వెనకే భార్య పూజ నాలుగేళ్ల పాపను ఎత్తుకుని వచ్చి నిలబడింది.

"ఏం లేదక్కా," అన్నాడతను. "ఆడ ఏసీల పండుకుంటం గదా, గందుకే దగ్గు."

"ఎన్నొద్దుల సంది?"

అతను పూజ వైపు చూశాడు. "రెండు నెలలైతది కావచ్చు."

గంగజల సంచిలోంచి మూత ఉన్న చిన్న డబ్బా తీసి ఇచ్చింది. మరునాడు పొద్దున లేవగానే, ముఖం కడగక ముందే తెమడ అందులో పట్టి ఉంచమంది. ఆ డబ్బా ఆమెకు కొత్త కాదు. ఏడాదికి ముప్పై నలభై డబ్బాలు పంపుతుంది. వాటిలో ఒకటో రెండో టీబీ అని తేలుతాయి. మూడో రోజు జగిత్యాల నుంచి టీబీ సూపర్‌వైజర్ రవీందర్ ఫోన్ చేశాడు. మధుకర్‌కు టీబీ ఉందన్నాడు.

ఆ మాట చెప్పడానికి వెళ్లినప్పుడు ఆమె ముందు పూజను పక్కన కూర్చోబెట్టుకుంది. జబ్బు పేరు విని మధుకర్ తల ఊపాడు. మందులు ఆరు నెలలు వాడాలని విన్నాకే మాట్లాడాడు.

"ఆరు నెలలా? నాకు సెలవే రెండు నెలలు. దాటితే వీసా పోతది."

"గోలీలు నడుమల ఆపితే పానం పోతది తమ్మీ."

"నా పేరు ఎక్కియ్యకక్కా. బయట కొనుక్కొని వాడుకుంట."

"ఎక్కించుడు అయిపోయింది. పరీక్షల తేలినప్పుడే కంప్యూటర్ల ఎక్కింది. నేను తీసేస్త అన్నా పోదు."

చివరికి అతను ఒక్కటే అడిగాడు. ఊళ్లో ఎవరికీ తెలియకూడదు. వచ్చే ఏడు మస్కట్ నివాస కార్డు రెన్యువల్‌కు మెడికల్ ఉంటుంది, ఈ లోపు ఎవరో ఒకరు కంపెనీ వాళ్లకు చెప్పినా తన పని పోతుంది అన్నాడు. గంగజల సరేనంది.

మరునాటి నుంచి రోజూ పొద్దున్నే ఆ ఇంటికి వెళ్లి, అతను గోలీలు మింగేదాకా నిలబడేది. ఎవరైనా అడిగితే బాలవ్వకు బీపీ చూడడానికని చెప్పేది. ఉత్తమాట కాకూడదని నిజంగానే రోజూ చూసేది. నెల తిరిగేసరికి బాలవ్వకు ఏదో పెద్ద జబ్బే వచ్చిందని వాడలో చెప్పుకోవడం మొదలైంది. ఆమె చెల్లెలు ఎల్లారెడ్డిపేట నుంచి బత్తాయిలు పట్టుకుని చూడడానికి వచ్చింది. బాలవ్వ కొడుకు కోసం మంచం మీద పడుకుని, అక్కకు అంత బాగా లేదని చెల్లెలు ఏడుస్తుంటే ఊరుకుంది. పాపకు కూడా పరీక్ష చేయించి, జబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా వేసే మందు మొదలుపెట్టారు. పూజకు ఏమీ లేదని తేలింది.

రెండు నెలలకు మధుకర్ నాలుగు కిలోలు పెరిగాడు. మళ్లీ తెమడ పరీక్ష చేస్తే క్రిమి లేదని వచ్చింది. అప్పటికే కంపెనీ వాళ్లను బతిమాలి ఇరవై రోజులు సెలవు పొడిగించుకున్నాడు. ఇక పొడిగించేది లేదన్నారు. టికెట్ తీసుకున్నాడు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు పంపనంటే పంపనన్నాడు. మిగిలిన నాలుగు నెలల మందులు ఒక్కసారి చేతికిస్తే ఎన్ని మింగుతాడో ఎవరు చూస్తారని అడిగాడు. ఆపడం మన చేతిలో లేదని, మందులు లేకుండా పోవడం కన్నా ఉండి పోవడం నయమని రవీందర్ అన్నాడు.

"నేను చూస్త సారు," అంది గంగజల. "రోజు ఫోన్ల చూస్త."

రవీందర్ నవ్వాడు కానీ వద్దనలేదు. డాక్టరు ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసి, మందులు కట్టించి ఇచ్చాడు. మస్కట్‌కు ఊరివాళ్లు ఎక్కువగా ఇమోలో మాట్లాడతారు. ఆ యాప్ గంగజల ఫోన్‌లో పూజే ఎక్కించి, ఎలా చేయాలో రెండుసార్లు చూపించింది.

మస్కట్‌లో నాలుగుంబావు అయితే ఇక్కడ పావు తక్కువ ఆరు. కంపెనీ బస్సు అక్కడ ఐదింటికి బయలుదేరుతుంది. గంగజల వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లి, చీపురు గోడకు పెట్టి, అరుగు మీద కూర్చుని ఫోన్ చేసేది. అవతల ఇనుప మంచాలు, ఒకదాని మీద ఒకటి. తాళ్ల మీద ఆరేసిన చొక్కాలు. మధుకర్ గోలీలు అరచేతిలో పోసి చూపించి, నోట్లో వేసుకుని, సీసాలోంచి నీళ్లు తాగేవాడు. రెండు నిమిషాల పని. ఆ గదిలో ఎనిమిది మంది ఉంటారు. రోజూ అంత పొద్దున ఎవరితో మాట్లాడుతున్నావని ఎవరైనా అడిగితే, మా అక్కతో అని చెప్పేవాడు. ఆగస్టు అట్లా గడిచింది. సెప్టెంబరు కూడా గడవబోతోంది.

ఒకరోజు ఫోన్ ఎత్తింది మధుకర్ కాదు. నలభై ఏళ్ల మనిషి, గడ్డం మాసి ఉంది.

"అక్కా, మావోడు బాత్రూంకు పోయిండు. నా పేరు కొమురెల్లి. మాది ఎల్లంతకుంట. ఒక మాట చెప్త, ఏమనుకోకు." గొంతు తగ్గించాడు. "గోలీలు మింగుతలేడు. నాలుగొద్దులైంది. నోట్ల పెట్టుకొని, నువ్వు ఫోన్ పెట్టినంక ఉమ్ముతాండు."

"ఎందుకట?"

"గా గోలీలకు మూత్రం ఎర్రగ అస్తది గదా. బాత్రూంల ఎవడో చూసి, ఏంది నీకు రోగమా అని అడిగిండట. గప్పటి సంది భయం పట్టుకున్నది."

ఆ రోజు ఆమె ఏమీ తెలియనట్టే ఉంది. మధుకర్ వచ్చి ఎప్పటిలాగే గోలీలు చూపించి నోట్లో వేసుకున్నాడు. ఆమె ఫోన్ పెట్టేసింది. పగలంతా పిల్లల బరువులు తూచే పని ఉంటే చేసుకుంది. సాయంత్రం రవీందర్‌కు చెప్పింది. మానేసిన రోజులను చివర కలిపి వాడాలని, కానీ ఇంకో వారం ఆపితే మొదటికి వస్తుందని అతను అన్నాడు.

మరునాడు పొద్దున గోలీలు నోట్లో పడ్డాక ఆమె ఫోన్ పెట్టలేదు.

"నోరు తెరువు తమ్మీ."

"ఏందక్కా?"

"నాలుక లేపు."

అతను లేపలేదు. దవడలో గోలీలు ఉబ్బెత్తుగా కనబడుతున్నాయి.

"నేను నీకో మాట చెప్త. మింగుడు మింగకపోవుడు తర్వాత," అంది గంగజల. "మా ఇంటి పక్కన మొగిలవ్వ అని ఉండె. బీడీలు చేసేది. నీకు ఎరుకుండదు, గప్పుడు నువ్వు ఊళ్లె లేవు. ఆమెకు టీబీ అచ్చింది. గప్పుడు రోజు విడిచి రోజు మింగిచ్చుడు ఉండె. మింగిచ్చిన దినం కార్డు మీద గీత పెట్టాలె. రెండు నెలలకు మంచిగైంది. ఇగ నేను పోతే, ఆడ పెట్టిపో గంగజలా, బువ్వ తిన్నంక ఏసుకుంట అనేది. నాకు పనులు బాగ ఉండె. పెట్టిపోయేదాన్ని. ఇంటికచ్చి కార్డు మీద గీత పెట్టేదాన్ని. చూడకుంటనే పెట్టిన. మూడు నెలలు గట్లనే పెట్టిన."

మధుకర్ ఫోన్‌ను ముఖానికి ఇంకాస్త దగ్గరగా పట్టుకున్నాడు.

"సచ్చిపోయినంక వాళ్ల అత్త గోలీలన్ని సంచిల ఏసుకొని తెచ్చి మా ఇంట్ల ఇచ్చింది. ఒక్క పట్టా గూడ చింపలే. కార్డు మీద మాత్రం అన్ని గీతలున్నయ్. నన్నెవరు అడగలే. కార్డు మంచిగున్నది గదా."

అవతల ఎవరో బస్సు వచ్చిందని కేక వేశారు. మధుకర్ సీసా ఎత్తి నీళ్లు తాగాడు. గుటక పడడం కనబడింది. అడగకుండానే నోరు తెరిచి నాలుక లేపాడు.

"పో ఇగ, బస్సు పోతది," అంది గంగజల.

మొగిలవ్వ సంగతి ఆమె మొండయ్యకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు అరుగు మీద మామూలు కన్నా కాసేపు ఎక్కువ కూర్చుంది. తర్వాత లేచి ముగ్గు పెట్టింది.

మధుకర్ మళ్లీ మానలేదు. మూత్రం సంగతి ఎవరైనా అడిగితే కిడ్నీలో రాయి ఉందని చెప్పమని ఆమే చెప్పింది. పనివాళ్లుండే ఆ శిబిరంలో సగం మందికి ఆ రాళ్లు ఉన్నాయి కాబట్టి నమ్మారు.

అక్టోబరులో ఆమెకు ఇంకో సంగతి పట్టుకుంది. ఫోన్‌లో మధుకర్ వెనక ఎవరో దగ్గుతున్నారు. రోజూ ఒకే దగ్గు. ఒకరోజు కొమురెల్లే ఫోన్ తీసుకున్నాడు.

"అక్కా, నాకు గూడ మూడు నెలల సంది దగ్గు. గోలీలు చెప్తవా, ఈడ మెడికల్ షాపుల కొనుక్కుంట."

చెమటలు పడుతున్నాయా, బరువు తగ్గాడా, తెమడలో నెత్తురు పడిందా అని ఆమె అడిగింది. అన్నింటికీ అవుననే చెప్పాడు. మధుకర్ నుంచి అతనికి వచ్చిందో, అతని నుంచి మధుకర్‌కు వచ్చిందో చెప్పడం కుదరదు. రెండేళ్లుగా ఇద్దరివీ పైమంచం, కిందిమంచం.

"కొనుక్కునేటియి కావు తమ్మీ. మీ కంపెనీ దవాఖానకు పోయి చూపించుకో."

"పోతే ఇంటికి పంపుతరు. పోయినేడు ఒక నేపాలోన్ని వారం తిరుగకముందే పంపిండ్రు. నాకు ఇంక ఏడాదిన్నర ఉన్నది వీసా."

"అట్లయితే నువ్వే సెలవు పెట్టి రా. ఈడ చూపించుకో."

"చూస్త," అన్నాడు. "మా ఇంట్ల మాత్రం చెప్పకక్కా. మా అనూష భయపడ్తది."

గంగజల చెప్పనంది. ఎవరికి చెప్పగలదు? అతను ఆమె ఊరివాడు కాడు, మండలంవాడు కాడు, జిల్లావాడు కూడా కాడు. అతని పేరు మీద ఆమె దగ్గర కార్డు లేదు. తొమ్మిది రోజులు పొద్దున్నే ఆ దగ్గు వింది. పదో రోజు దగ్గు ఆగి, ఎవరో తమ్మీ తమ్మీ అని వీపు రాస్తున్న చప్పుడు వినబడింది. మధుకర్ ఫోన్ అటు తిప్పలేదు. నెత్తురు పడిందని మాత్రం చెప్పాడు.

ఆ పగలు ఆమె జగిత్యాల మీటింగులో తెలిసిన ఒక ఆశాకు ఫోన్ చేసింది. ఎల్లంతకుంట సిరిసిల్ల జిల్లాలోది కాబట్టి, ఆ ఆశా సిరిసిల్లలో ఉన్న తన చెల్లెలికి చేసింది. నాలుగు ఫోన్లు తిరిగాక ఎల్లంతకుంట మండలంలో కొమురెల్లి ఊరి ఆశా సుశీల నంబరు దొరికింది. సుశీల అన్నీ ఓపికగా విని ఒక్కటే అడిగింది.

"ఆయన చెప్పొద్దన్నడా?"

"అన్నడు."

"మరి?"

"నేను చెప్తున్న. నువ్వు పోయి ఆయన భార్యను చూడు. పిల్లలున్నరట."

సుశీల ఆ సాయంత్రమే వెళ్లింది. అనూష అదే రాత్రి భర్తకు ఫోన్ చేసి ఏడ్చింది, తిట్టింది, అన్నం మానేసింది. నవంబరు మొదటి వారంలో కొమురెల్లి ఇంట్లో శుభకార్యం ఉందని చెప్పి సెలవు పెట్టి వచ్చాడు. పరీక్షలో టీబీ తేలింది. రెండు ఊపిరితిత్తులకూ పాకింది. అతను ఇక ఆరు నెలలు కదలడానికి లేదు. కంపెనీ అతని జాగాలో ఇంకొకరిని పెట్టుకుంది.

డిసెంబరులో గంగజలకు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"నువ్వేనా గంగజల?" అంది ఒక ఆడగొంతు. "నేను కొమురెల్లి భార్యను. చెప్పొద్దని నీకు దండం పెట్టిండట గదా నా మొగుడు. ఎందుకు చెప్పినవు? మీ ఊరోనికేమో గోలీలిచ్చి మస్కట్ తోలినవు. మావోన్నేమో పని పోగొట్టి ఇంట్ల కూసోబెట్టినవు. మీవోడైతే ఒకటి, మావోడైతే ఒకటా?"

మధుకర్ తెమడలో క్రిమి పోయాకే వెళ్లాడని, కొమురెల్లికి అప్పటికి అసలు మందే మొదలు కాలేదని గంగజల చెప్పబోయింది. ఫోన్ కట్ అయింది. తిరిగి చేస్తే ఎత్తలేదు. తాను చెప్పబోయింది నిజమే అయినా, అనూషకు అలా అనిపించడంలో తప్పేమీ లేదని ఆమె తర్వాత సుశీలతో అంది.

మధుకర్ మందులు డిసెంబరు రెండో వారంలో పూర్తయ్యాయి. చివరి గోలీలు మింగిన రోజు కూడా అతను నోరు తెరిచి చూపించాడు. పాపకు చలికోటు పంపానని, ఊరివాళ్లు ఎవరో తెస్తున్నారని చెప్పాడు. ఆఖరి తెమడ పరీక్ష ఇక్కడ చేయలేదు కాబట్టి, రవీందర్ అతని పేరు ఎదురుగా నయమైందని రాయలేదు, చికిత్స పూర్తయిందని మాత్రమే రాశాడు. మార్చిలో మస్కట్‌లో కార్డు రెన్యువల్‌కు ఎక్స్‌రే తీస్తే మచ్చ కనబడింది. మూడు రోజులు తెమడ పరీక్షలు చేశారు. ఏమీ లేదని తేలాక కార్డు ఇచ్చారు. ఆ మూడు రోజులు పూజ గంగజల ఇంట్లోనే ఎక్కువసేపు కూర్చుంది.

కొమురెల్లికి మే నెలలో నయమైంది. మళ్లీ ఎటైనా పోదామని మెడికల్ చేయించుకుంటే ఎక్స్‌రేలో మచ్చలున్నాయని అన్‌ఫిట్ అని రాసిచ్చారు. రెండు చోట్ల ప్రయత్నించాడు. రెండు చోట్లా అదే మాట. ఈ సంగతులు గంగజలకు సుశీల చెప్పేది.

కిందటి శ్రావణంలో సిరిసిల్లలో ఉన్న ఆడబిడ్డ మనవరాలిని తొట్లెలో వేస్తున్నారంటే గంగజల వెళ్లింది. కొమురెల్లి వాళ్లు ఇప్పుడు సిరిసిల్లలోనే ఉంటున్నారని తెలుసు. సుశీలను అడిగి వాడ పేరు తెలుసుకుని, భోజనాలయ్యాక ఒక్కతే వెళ్లింది. అది సాంచాల మీద బట్ట నేసేవాళ్లు ఉండే వాడ. ప్రతి షెడ్డులోంచీ ఆ మరమగ్గాల మోత. రెండు గదుల ఇంటి ముందు ఒకామె కూర్చుని నూలు కండెలు చుడుతోంది.

"అనూష అంటే నువ్వేనా? నేను గంగజల."

ఆమె తల ఎత్తి చూసి, చేతిలో పని ఆపకుండానే పక్కనున్న పీట ముందుకు జరిపింది. గంగజల కూర్చుంది. పిల్లలు ఎలా ఉన్నారని అడిగితే, ఇద్దరికీ ముందుజాగ్రత్త గోలీలు పూర్తయ్యాయని, చిన్నవాడు రెండో తరగతిలో ఉన్నాడని అనూష చెప్పింది.

కొమురెల్లి సాంచాల షెడ్డులో షిఫ్టు దిగి వచ్చాడు. జుట్టు నిండా దూది. ఫోన్‌లో కన్నా లావయ్యాడు. గంగజలను చూసి గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది.

"అక్కా, నువ్వా. గింత పొడుగున్నవా నువ్వు," అన్నాడు. "ఫోన్ల కూసోనే ఉంటుంటివి గదా."

బరువు యాభై ఎనిమిది ఉందన్నాడు. దగ్గు లేదు, మెట్లెక్కితే మాత్రం ఆయాసం వస్తుందన్నాడు. సాంచాల దుమ్ము ఆ ఊపిరితిత్తులకు మంచిది కాదని గంగజలకు తెలుసు. ముక్కుకు బట్ట కట్టుకుంటున్నావా అని అడిగింది.

"కడితే ఊపిరాడదక్కా. ఉడకపోత."

"తడిపి కట్టుకో. ఆరు నెలలకోసారి ఎక్స్‌రే తీయించుకో. సుశీలకు చెప్త, ఈ వాడ ఆశాతోని మాట్లాడుతది."

"మల్ల చెప్తవా?" అంది అనూష. గొంతులో కోపం లేదు. అడిగినట్టే అడిగింది. "గప్పుడు గూడ చెప్పొద్దన్న మాటే చెప్పినవు."

"చెప్పిన," అంది గంగజల.

"మల్ల గట్లనే అయితే?"

"చెప్త."

అనూష కండె చివరిదాకా చుట్టి, తెంపి గంపలో వేసింది. చేతులు దులుపుకుని లోపలికి పోయి పొయ్యి వెలిగించింది. కొమురెల్లి గడప మీద కూర్చుని, మధుకర్ ఎట్లున్నాడు, తన పైమంచం మీదికి ఎవరొచ్చారు అని అడిగాడు. గంగజలకు తెలిసింది చెప్పింది. ముగ్గురూ చాయ తాగారు. అనూష ఎక్కువ మాట్లాడలేదు కానీ, బస్టాండుకు దగ్గరి దారి ఉందని సందు చివరిదాకా వచ్చి చూపించింది. గంగజల జగిత్యాల బస్సు ఎక్కేసరికి ఐదు దాటింది. మరునాడు ఊళ్లో ఇద్దరు గర్భిణులను స్కానింగుకు తీసుకుపోవాలి. సీటు దొరికాక వాళ్లకు ఫోన్ చేసి, ఎనిమిదింటికల్లా తయారుగా ఉండమని చెప్పింది.